దువన్ చేతిరాత (పదకొండో భాగం)

పోయిన వారం మనం దువన్‌ని టీస్టెడ్ వెళ్ళే బస్సులో వదిలేశాం. ఒళ్లో సంచి, సంచిలో భాషా పాఠశాల నుంచి వచ్చిన కవరు. "రెండో స్థాయి డేనిష్ పరీక్షలో మీరు రాసిన పేపరు గురించి మాట్లాడాల్సి ఉంది. గురువారం ఉదయం పది గంటలకు రండి. కావాలంటే దుబాసీని ఏర్పాటు చేస్తాం." ఈ మూడు వాక్యాలు చదివించుకున్న దగ్గర్నుంచి ఆమెకి తిన్న అన్నం ఒంటికి పట్టలేదు.

ఆ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది దువన్. ఈసారి గట్టెక్కితే ఆగస్టులో ఆమెకి సహాయకురాలి శిక్షణలో సీటు ఉంది. హాన్‌స్ట్‌హోమ్ వృద్ధాశ్రమంలో పన్నెండేళ్ళుగా నేల తుడుస్తున్న మనిషి, ముసలివాళ్ళకి మందులిచ్చే, అన్నం తినిపించే మనిషి అవుతుంది. తప్పితే మళ్ళీ తుడుపుకర్రే. మొగుడు ప్రేబెన్ చేపల ఓడ మీద ఉత్తరసముద్రంలో ఉన్నాడు. సంగతి విని, "త్రీనెని తీసుకెళ్ళు, నీ బదులు అది మాట్లాడుతుంది" అన్నాడు ఫోన్లో. త్రీనె అతని మొదటి భార్య కూతురు. డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, మునిసిపాలిటీలోనూ ఇన్నాళ్ళూ దువన్ తరఫున మాట్లాడింది ఆ పిల్లే. మంచి పిల్ల. కానీ ఈసారి వద్దంది దువన్. "పరీక్ష రాసింది నేను. జవాబు చెప్పేది కూడా నేనే" అంది. "సరే, కోటు వేసుకెళ్ళు, గాలిగా ఉంటుంది" అన్నాడు ప్రేబెన్.

ఆమె బస్సు దిగేసరికి పదికి ఇంకా పది నిమిషాలుంది. జూన్ నెలే అయినా గాలి కోటు అంచుల్ని పట్టి లాగుతోంది. పాఠశాల వరండాలో యూటె ఎదురుచూస్తూ నిలబడి ఉంది. అరవై రెండేళ్ళ టీచరమ్మ. మూడేళ్ళ నుంచి దువన్‌కి డేనిష్ నేర్పుతున్న మనిషి.

"కాఫీ తాగావా?"

"తాగాను టీచర్."

"యూటె అని పిలవమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"పిలుస్తాను టీచర్."

యూటె నవ్వబోయి మానుకుంది. దువన్ కోటు కాలరు సరిచేసి, గొంతు తగ్గించి చెప్పింది. "లోపల ఫ్లెమ్మింగ్ ఉంటాడు. పరీక్షల వ్యవహారం చూసేది అతనే. మంచివాడే, కాస్త కాయితాల మనిషి. ఇంకొకావిడ ఓల్బోర్ నుంచి వచ్చింది, బయటి పరీక్షకురాలు. నీ పేపరు మీద అనుమానం రాసింది ఆవిడే. కంగారు పడకు. మాట దొరక్కపోతే ఆగు. ఆగడం తప్పు కాదు."

"దొంగలు కూడా ఆగుతారు టీచర్."

"నువ్వు దొంగవి కాదుగా."

"అది వాళ్ళకి తెలీదుగా."

యూటె తలుపు తీసింది.

గది మధ్య బల్ల. బల్ల మీద కాఫీ ఫ్లాస్కు, పళ్ళెంలో నువ్వులద్దిన బన్నులు, పక్కనే వెన్న. తప్పు చేశావని చెప్పడానికి పిలిచినా సరే, ఈ దేశంలో ముందు బన్ను పెడతారు. ఫ్లెమ్మింగ్ లేచి చెయ్యి కలిపాడు. ఎత్తరి మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు. పక్కన కూర్చున్నావిడ కూడా లేచింది. యాభై దాటి ఉంటాయి. కత్తిరించిన నెరిసిన జుట్టు, సన్నటి మొహం. నిద్ర చాలనట్టున్న కళ్ళు.

"వీబెకె" అని పేరు చెప్పుకుని కూర్చుంది. చెయ్యి చల్లగా ఉంది.

ఫ్లెమ్మింగ్ కాఫీ పోశాడు. కుర్చీలో సర్దుకున్నాడు. ఒక్కో మాటా విడదీసి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"దువన్. మీరు. రాసిన. పేపరు..."

"మామూలుగా మాట్లాడండి" అంది దువన్. "నాకు అర్థమవుతుంది."

ఫ్లెమ్మింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించండి" అని, ఈసారి మామూలుగానే చెప్పాడు. "మొదటిసారి రాత పరీక్షలో మీకు సున్నా వచ్చింది. రెండోసారీ అంతే. ఇప్పుడు, ఆరునెలలు తిరక్కుండా, మీ పేపరు తరగతిలో అందరికన్నా బాగుంది. మేం సంతోషించాల్సిన విషయమే. కానీ వీబెకెకి ఒక అనుమానం వచ్చింది. ఎవరో రాసిచ్చిన ఉత్తరాన్ని మీరు బట్టీ పట్టి వచ్చి పరీక్షలో దించారేమో అని. అది నిజమైతే పేపరు రద్దవుతుంది. రేపటి మౌఖిక పరీక్షకి మీరు కూర్చోడానికి వీల్లేదు."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు.

"ఎందుకు వచ్చింది అనుమానం?" దువన్ వీబెకె వైపు తిరిగి అడిగింది. అడిగింది తనేనా అని తనకే ఆశ్చర్యమేసింది. మూడేళ్ళ కిందటైతే ఈపాటికి చేతులు జోడించి, తల వంచి, క్షమాపణ చెప్పేసి ఉండేది. దేనికో తెలియకపోయినా చెప్పేసేది.

వీబెకె ముందున్న కాయితం చేతిలోకి తీసుకుంది. దువన్ పాఠశాల కంప్యూటరులో కొట్టిన పేపరు అది. "పరీక్షలో అడిగింది, దూరాన ఉన్న స్నేహితురాలికి ఒంట్లో బాగాలేదు, ఆమెకి ఉత్తరం రాయమని. అందరూ 'ఎలా ఉన్నావు, త్వరగా కోలుకో' అని మొదలుపెట్టారు. మీరు ఇలా మొదలుపెట్టారు." ఆమె పైకి చదివింది. "'ఇక్కడ పడమటి గాలి. మేమింకా నిలబడే ఉన్నాం.'"

చదివి కాయితం కింద పెట్టింది.

"ఈ రెండు వాక్యాలు నేను ఇంతకు ముందు చదివాను. అక్షరం పొల్లుపోకుండా ఇవే. ఎక్కడ చదివానో చెప్పలేను, అది మా ఇంటి సంగతి. కానీ ఇవి మీవి కావు. ఇలాంటి డేనిష్ ఇప్పుడు ఎవరూ రాయరు. మా అమ్మ తరం వాళ్ళు రాసేవాళ్ళు, సముద్రం పక్కన పుట్టినవాళ్ళు. మూడేళ్ళ నుంచి భాష నేర్చుకుంటున్న మనిషి రాసే వాక్యం కాదు ఇది."

"వీబెకె, నేను ఈమెకి పాఠాలు చెప్పిన..." యూటె అందుకోబోయింది.

"యూటె" అన్నాడు ఫ్లెమ్మింగ్ మెల్లిగా. "ఆమెనే చెప్పనీ."

ముగ్గురూ దువన్ వైపు చూశారు. దువన్ నోరు తెరిచింది. మాట రాలేదు. థాయి దేశంలో, ఈసాన్ ప్రాంతపు పల్లెలో ఆరో తరగతితో చదువు ఆపేసినప్పుడు, పంతులుగారు ఇంటికొచ్చి నాన్నతో "ఈ పిల్ల రాత ముత్యాలు" అన్న రోజు ఎందుకో గుర్తొచ్చింది. ఆ రోజూ నోరు పెగల్లేదు ఆమెకి. తల్లి చాటున నిలబడి ఊరుకుంది. మర్నాడు చెరుకు కొట్టడానికి పంపించారు.

ఆగడం తప్పు కాదు అంది యూటె. ఆగింది. కాఫీ ఒక గుక్క తాగింది. అప్పుడు చెప్పింది, చిన్న చిన్న వాక్యాల్లో. ప్రతి మాట మీదా కాలు మోపి చూసుకుంటూ.

"ఆ వాక్యాలు నావి. ఎవరూ రాసివ్వలేదు. నేను మాట్లాడితే తప్పులొస్తాయి. నా నాలిక బరువు. రాస్తే అన్ని రావు. ఎందుకంటే నేను ఏడు నెలల నుంచి రోజూ రాస్తున్నాను. మీరు నన్ను నమ్మనక్కర్లేదు. ఒక కాయితం ఇవ్వండి. పెన్ను ఇవ్వండి. ఏం రాయాలో మీరే చెప్పండి. మీ ముందే కూర్చుని రాస్తాను."

ఫ్లెమ్మింగ్ వీబెకె వైపు చూశాడు. "నిబంధనల్లో ఇలాంటిది లేదు" అన్నాడు.

"వద్దని కూడా లేదుగా" అంది యూటె.

వీబెకె తన సంచిలోంచి గీతల కాయితం ఒకటి తీసి దువన్ ముందు పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, కానీ మెత్తదనమూ లేదు. "మీ పనిచోట రేపు ఒక కొత్త మనిషి చేరుతోంది. ఆమెకి తెలియాల్సినవి నాలుగు మాటలు రాయండి. ఇరవై నిమిషాలు."

దువన్ పెన్ను తీసుకుంది. కంప్యూటరు మీద కొట్టడం ఆమెకి ఎప్పుడూ గండమే. మొదటి రెండుసార్లు తప్పడానికి సగం కారణం అదే. అక్షరం వెతుక్కునేలోపు ఆలోచన ఎగిరిపోయేది. పెన్ను అలా కాదు. పెన్ను పట్టుకోగానే భుజాలు కిందికి దిగాయి. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత తల వంచి రాయడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక్కసారి ఆగింది. ఒక మాట కొట్టేసి పైన ఇంకోటి రాసింది. ఫ్లెమ్మింగ్ బన్ను కోసి వెన్న రాసుకున్నాడు గానీ తినడం మర్చిపోయాడు. యూటె కిటికీ దగ్గర నిలబడి చేతులు కట్టుకుంది. కూర్చోలేకపోయింది.

పద్నాలుగు నిమిషాలకి దువన్ పెన్ను మూత పెట్టింది.

"నేను చదవనా?" అంది యూటె, చెయ్యి చాపుతూ. ఫ్లెమ్మింగ్ తలూపాడు. యూటె పైకి చదివింది.

"'కొత్తగా వచ్చిన నీకు. బకెట్లు ఎడమ పక్క గదిలో ఉంటాయి. ఎర్ర గుడ్డ మరుగుదొడ్డికి, నీలం గుడ్డ బల్లలకి. అది ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పనిది నేను చెప్తాను. ఏడో గదిలో ఒక ముసలాయన ఉంటాడు. ఆయనకి కళ్ళు కనపడవు. తుడిచేటప్పుడు ఆయన కుర్చీని జరపకు. జరిపితే ఉన్నచోటే మళ్ళీ పెట్టు, వేలెడు కూడా తేడా రాకూడదు. తలుపు కొట్టి నీ పేరు చెప్పు. పేరు చెప్పకుండా వచ్చేవాళ్ళని ఆయన మనుషుల్లో లెక్కవెయ్యడు. నువ్వు లోపలికి రాగానే గాలి ఎటునుంచి అని అడుగుతాడు. అందుకని వెళ్ళేముందు జెండా కర్ర వైపు ఒకసారి చూసి వెళ్ళు. తెలీదు అని చెప్తే నీకు ఆ రోజంతా సిగ్గుగా ఉంటుంది. నాకు అలాగే అయ్యింది. మొదట్లో నీకు ఇక్కడ ఎవరి మాటా అర్థం కాదు. భయపడకు. ముసలివాళ్ళు నిదానంగా మాట్లాడతారు, ఒకే కథ పదిసార్లు చెప్తారు. భాష నేర్చుకోడానికి అంతకన్నా మంచి బడి లేదు.'"

యూటె కాయితం బల్ల మీద పెట్టింది. "ఆరో వాక్యంలో క్రియ చోటు తప్పింది" అంది ఫ్లెమ్మింగ్‌తో, టీచరు గొంతు తెచ్చుకుని. "క్లాసులో ఎప్పుడూ చేసే తప్పే. మూడేళ్ళుగా మాన్పించలేకపోయాను. ఇది ఈమె రాసింది కాకపోతే నా పెన్షను కాయితాలు ఇవాళే తెచ్చుకుంటాను."

ఫ్లెమ్మింగ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముందున్న ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. అనుమానం రాసిన కాయితం అడుగున ఏదో రాసి, సంతకం పెట్టి, దువన్ వైపు తిప్పాడు, చదువుకోమన్నట్టు. 'ఫిర్యాదుకు ఆధారం లేదు' అని ఉంది. దువన్ ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. త్రీనె పక్కన లేకుండా, ఎవరూ అర్థం చెప్పకుండా, తన పేరు మీద వచ్చిన ప్రభుత్వం కాయితం పూర్తిగా చదవడం ఆమెకి ఇదే మొదలు.

"మేం అనుమానించినందుకు బాధపడుతున్నాను" అన్నాడు ఫ్లెమ్మింగ్.

"మీ పని మీరు చేశారు" అంది దువన్. "నా పని నేను చేశాను."

అనేసి వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది. నలభై ఆరేళ్ళ ఒంట్లో ఎక్కడో ముడుచుకుని ఉన్నదేదో లేచి కాళ్ళు చాపుకున్నట్టయింది. గర్వం అనే మాట డేనిష్‌లో ఆమెకి తెలుసు. క్లాసులో నేర్చుకుంది, పుస్తకంలో రాసుకుంది. దాన్ని తన గురించి వాడే అవసరం మాత్రం ఇంతవరకూ రాలేదు.

యూటె బల్ల మీద పెట్టిన కాయితం ఇప్పుడు వీబెకె చేతిలో ఉంది. చదవడం లేదు. అక్షరాల్ని చూస్తోంది. ఒక్కో అక్షరాన్నీ, దగ్గరగా.

"ఇలా రాయడం మీకు ఎవరు నేర్పారు?" అంది. "ఈ అక్షరాలు. ప్రతి అక్షరం మొదట్లో చిన్న సున్నా చుట్టారు."

దువన్ సిగ్గుపడింది. "మా అక్షరాలు అలాగే మొదలవుతాయి. థాయి అక్షరాలకి తల ఉంటుంది, గుండ్రంగా. చిన్నప్పుడు పంతులుగారు తల లేని అక్షరానికి దెబ్బ వేసేవారు. ఎంత ప్రయత్నించినా చెయ్యి మానదు."

"ఏడో గది ముసలాయన" అంది వీబెకె. "ఆయన పేరు లౌరిడ్స్."

దువన్ ఆశ్చర్యంగా చూసింది. కాయితంలో పేరు రాయలేదు తను. "అవును. మీకెలా తెలుసు?"

"మా మామయ్య" అంది వీబెకె. "మా అమ్మ ఆనెకి అన్న."

ఫ్లెమ్మింగ్, యూటె ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దువన్‌కి మాత్రం నెమ్మదిగా, ఒక్కొక్కటిగా, విషయాలు అతుక్కోసాగాయి. లౌరిడ్స్‌కి కళ్ళు లేవు. స్కేగెన్‌లో ఉన్న చెల్లెలు ఆనెకి చెవులు లేవు, ఫోన్లో మాట్లాడలేదు. ఇద్దరికీ మిగిలిన దారి ఉత్తరం ఒక్కటే. పోయిన నవంబరులో ఒక రోజు, గది తుడుస్తుంటే ఆయన అడిగాడు. "పిల్లా, నీకు రాయడం వచ్చా?" అని. రెండోసారి పరీక్ష తప్పిన వారం అది. "బాగా రాదు తాతా" అంది. ఇక్కడ తొంభై ఏళ్ళవాణ్ణయినా పేరు పెట్టే పిలుస్తారు. ఆమెకి అది ఎప్పటికీ నోరు తిరగని విద్య. "అయితే నాకన్నా నయమే, కూర్చో" అన్నాడాయన. అలా మొదలైంది. పని అయిపోయాక రోజూ అరగంట. ఆయన చెప్పేవాడు, ఆమె రాసేది. తెలీని మాటని ఆయన ఒక్కో అక్షరం పలికి చెప్పేవాడు. రెండు వారాలకొక ఉత్తరం పూర్తయ్యేది. జవాబు వస్తే ఆమే చదివి వినిపించేది.

"ఆ ఉత్తరాలు రాసింది మీరా?" వీబెకె గొంతు ఇప్పుడు వేరుగా ఉంది. "అక్కడ పనిచేసే డేనిష్ అమ్మాయి ఎవరో అనుకున్నాను. పేపరు కంప్యూటరులో కొట్టినది కాబట్టి చేతిరాత తెలియలేదు నాకు. ఆ వాక్యం చూడగానే మామయ్య మాటే అనుకున్నాను. ఆయన మాట ఇంకొకరి పేపరులోకి ఎలా వచ్చిందో అర్థం కాలేదు."

"అది ఆయన మాట కాదు" అంది దువన్. నెమ్మదిగా, కానీ గట్టిగా. ఈ ఒక్కటి వదులుకోదలచలేదు ఆమె. "జనవరిలో ఒక రోజు ఆయనకి ఒంట్లో బాగాలేదు. ఇవాళ నా దగ్గర మాటలు లేవు పిల్లా, నువ్వే ఏదో ఒకటి రాసి మొదలుపెట్టు అన్నాడు. నేను జెండా వైపు చూశాను. రాసి చదివి వినిపించాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. తరవాత, 'అంత చెడ్డగా ఏమీ లేదు' అన్నాడు."

వీబెకె కళ్ళు చెమ్మగిల్లాయి. నవ్వూ వచ్చింది. ఈ తీరంలో పుట్టినవాళ్ళకి తెలుసు. అంతకు మించిన మెచ్చుకోలు ఇక్కడ ఎవరూ ఎవరికీ ఇవ్వరు. "ఆయన మా పెళ్ళిలో కూడా మా ఆయన్ని చూసి అదే మాట అన్నాడు" అంది.

"అప్పట్నుంచి ప్రతి ఉత్తరం అలాగే మొదలుపెట్టమంటాడు" అంది దువన్. "పరీక్షలో చెయ్యి దానంతట అదే అలా రాసేసింది."

"నేను మీ పేపరుకి పన్నెండుకి పది మార్కులు అనుకున్నాను" అంది వీబెకె. "పది అనుకున్నాను కాబట్టే భయపడ్డాను. ఇంత మంచి వాక్యం మీది అయ్యుండదని నాకు నేనే తేల్చేసుకున్నాను. అది నా తప్పు. ఫ్లెమ్మింగ్, రేపు ఈమె మౌఖిక పరీక్షకి ఇంకో పరీక్షకుల్ని చూడు. నేను కూర్చోకూడదు."

"చూస్తాను" అన్నాడు ఫ్లెమ్మింగ్. "మీ మామయ్యకి ఈమె తెలుసు కాబట్టా?"

"అందుకొక్కటే కాదు."

వీబెకె లేచి కిటికీ దాకా వెళ్ళింది. వాళ్ళ వైపు తిరక్కుండానే చెప్పింది.

"మా అమ్మ ఫిబ్రవరి రెండో తారీఖున పోయింది."

దువన్‌కి మొదట అర్థం కాలేదు. మాటలన్నీ తెలిసినవే. క్రియ కూడా దాని చోట్లోనే ఉంది. అయినా అర్థం కాలేదు. ఎందుకంటే పోయిన శుక్రవారమే ఆనె ఉత్తరం లౌరిడ్స్‌కి చదివి వినిపించింది తను. పెరట్లో గులాబీలు మొగ్గ తొడిగాయని, మోకాళ్ళ నెప్పి తగ్గిందని.

"ఆఖరి వారంలో అమ్మ నన్ను పిలిచి, అన్నయ్యకి ఉత్తరాలు ఆపకు అంది" వీబెకె చెబుతోంది. "వార్త చెప్పొద్దు అనలేదు, ఉత్తరాలు ఆపొద్దు అంది అంతే. నేను ఒకటి రాశాను, వార్త చెప్పడానికే కూర్చున్నాను. చెప్పలేకపోయాను. అమ్మ రాసినట్టే రాసేశాను. దానికి జవాబు వచ్చింది. 'ఇక్కడ పడమటి గాలి, మేమింకా నిలబడే ఉన్నాం' అని. ఆ జవాబు చదువుకుని ఆ రోజు ఇంట్లో పనులు చేసుకోగలిగాను. ఇంకొకటి రాశాను. నాలుగు నెలలు అలాగే గడిచిపోయాయి."

దువన్‌కి ఫిబ్రవరి తరవాత వచ్చిన ఉత్తరాలు కళ్ళ ముందు కదిలాయి. అక్షరాలు వణకడం మానేసి నిటారుగా నిలబడ్డాయి అప్పట్నుంచీ. ముసలావిడకి మందులు పనిచేస్తున్నాయి కాబోలు అనుకుంది. అంటే ఇన్నాళ్ళూ ఒకరి పేరు మీద తను రాస్తే, ఇంకొకరి పేరు మీద ఈవిడ జవాబు రాసింది. తన వాక్యం చదువుకుని ఈవిడ తల్లి పోయిన దుఃఖంలోంచి గట్టున పడింది. ఏ వాక్యం దొంగిలించిందని పిలిపించారో ఆ వాక్యమే.

"మీరు ఆయనకి చెప్పకండి" అంది వీబెకె ఇటు తిరిగి. "నేనే వచ్చి చెప్తాను. ఎలా చెప్పాలో ఇంకా తెలీదు. పాపం, ఆయనకి ఏమీ తెలీదు."

దువన్‌కి ఒక సంగతి గుర్తొచ్చింది.

"ఆయనకి తెలీదని మీకెలా తెలుసు?" అంది.

"అంటే?"

"శనివారం ఒక ఉత్తరం చెప్పి రాయించాడు. ఎప్పుడూ 'చెల్లెలు ఆనెకి' అని మొదలుపెట్టిస్తాడు. ఈసారి అలా వద్దన్నాడు. 'నాకు ఉత్తరాలు రాస్తున్నవారికి' అని రాయమన్నాడు. పాత కాలపు మర్యాద అనుకున్నాను నేను. ఆయన చెప్పే మాటల్లో సగం నాకు కొత్తవే, అందుకని అడగలేదు. రాసి సోమవారం పోస్టు చేశాను."

వీబెకె నెమ్మదిగా వచ్చి తన కుర్చీ పక్కనున్న సంచి తీసింది. "అమ్మ పేరు మీద వచ్చేవన్నీ ఇప్పుడు మా ఇంటికే వస్తాయి" అంది. "ఇది ఇవాళ పొద్దున్న వచ్చింది. బండి తోలుతూ తెరవడం కుదరలేదు." ఒక కవరు బయటికి తీసింది. కవరు మీద అక్షరాలన్నిటికీ గుండ్రటి తలలున్నాయి.

చింపబోయి ఆగిపోయింది. కవరుని బల్ల మీదుగా దువన్ వైపు జరిపింది. "రాసింది మీరే కదా" అంది. "మీరే చదవండి."

దువన్ కవరు అంచు చింపింది. మడత విప్పింది. పైన మొదటి వాక్యం, తనదే, పడమటి గాలి గురించి. అది చదవడానికి ఆమెకి కష్టం లేదు. కానీ ఆమె కళ్ళు అక్కడ ఆగకుండా కాయితం అడుగుకి వెళ్ళిపోయాయి. శనివారం లౌరిడ్స్ రెండుసార్లు చెప్పి, తప్పుల్లేకుండా రాశావా అని మూడోసారి అడిగిన ఆఖరి వాక్యం మీదికి. ఆ రోజు దాని అర్థం తెలియక, మాట మాటా విని, విన్నది విన్నట్టు రాసుకుపోయింది.

'ఆనె రేవు చేరిందని నాకు తెలుసు, అయినా నువ్వు రాయడం మానకు, ఇక్కడ దువన్ నాకు చదివి పెడుతుంది.' ఇప్పుడు ఆ వాక్యం పూర్తిగా అర్థమైంది ఆమెకి. అందులో తన పేరు ఎందుకుందో కూడా.